కుక్కర్‌లో పప్పు లేదు

ముందుగా ఒక సంగతి తేల్చుకుందాం. ఆ కుక్కర్‌లో పప్పు లేదు.

ఫిల్మ్‌నగర్‌లో నా క్లినిక్‌కు వచ్చేవాళ్లలో సగం మందికి ఈ కథ తెలుసు. తెలుసని అనుకుంటారు. లైట్‌మన్లు, మేకప్ వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు కుర్చీలో వెనక్కి వాలీ వాలకముందే మొదలుపెడతారు. "మేడం, మీరు మిలటరీలో ఉన్నప్పుడు పప్పులో పళ్లేసి ఉడికించారంట కదా? సైనికులంతా అదే తిన్నారంట కదా?" నేను వెంటనే వాళ్ల నోట్లో అద్దం పెట్టేస్తాను. నోరు తెరిచి పెట్టుకున్న మనిషితో వాదించడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు.

మొన్న ఒక సినిమా రచయిత జ్ఞానదంతం నొప్పితో వచ్చాడు. పన్ను తీసి కుట్లు వేసిన మరుక్షణం, "ఇది బ్రహ్మాండమైన కామెడీ ట్రాక్ మేడం" అన్నాడు. హీరోయిన్ మిలటరీలో పళ్ల డాక్టరట. చుట్టూ మంచు కొండలట. హీరోకు మత్తు ఇవ్వకుండా పన్ను పీకుతుందట, హీరో నవ్వుతూ చూస్తుంటాడట. పప్పు సీను ఇంటర్వెల్‌కు ముందట. అతని దవడ ఇంకా మొద్దుబారే ఉంది, మూతి ఒక పక్కకు జారిపోతోంది, అయినా ఆగడే!

అందుకని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. బీడీఎస్ చదివిన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, నన్ను అడుగుతుంటారు. సైన్యంలో చేరితే ఎలా ఉంటుంది మేడం, సరిహద్దుకు పంపిస్తారా, అక్కడ పళ్ల డాక్టరుకు పనేముంటుంది అని. వాళ్లకు బయట దొరికే జవాబులు రెండు. చెట్ల నీడలో బంగళా, ఆఫీసర్ల భార్యలకు పళ్లు శుభ్రం చేయడం, సాయంత్రం క్లబ్బు అనేది ఒకటి. గుళ్ల వర్షంలో ఒక చేత్తో తుపాకీ, ఒక చేత్తో పటకారు అనేది రెండోది. మొదటిది కొంతమంది ఉద్యోగంలో కొన్నాళ్లు నిజం. రెండోది ఈ ఫిల్మ్‌నగర్‌లో తప్ప ఎక్కడా నిజం కాదు.

అసలు సంగతి నేను చెబుతాను. ఎత్తైన కొండల మీద మీ చేతుల కంటే మీ చంకలు ఎక్కువ పనిచేస్తాయి. నవ్వకండి. మత్తు మందు గొట్టాలు గడ్డకట్టకుండా ఉండాలంటే వాటిని మీ ఒంటి వేడిలో దాచుకోవాలి. కోటు లోపల స్వెట్టరు, స్వెట్టరు లోపల చొక్కా, దాని లోపల గొట్టాలు. రోగి నోరు తెరవగానే ఆవిరి పొగలా వచ్చి మీ అద్దాన్ని కప్పేస్తుంది. డ్రిల్లు నడిపే యంత్రానికి పొద్దున్నే లేచే అలవాటు ఉండదు. ఇక సైనికుడు పంటినొప్పి ఉందని తనంతట తాను చెప్పడు. చెబితే కిందికి పంపేస్తారని భయం. వాడి స్నేహితుడొచ్చి చెబుతాడు. వాణ్ణి వెతికి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టడమే సగం వైద్యం.

ఇంత చెప్పాను కాబట్టి ఇక కుక్కర్ దగ్గరికి వస్తాను.

అది సరిహద్దు దగ్గర ఒక శిబిరం. పేరు చెప్పను, చెప్పకూడదు కూడా. నేనప్పుడు మేజర్‌ని. హైదరాబాద్ మధురానగర్‌లో పెరిగి, చలి అంటే డిసెంబరులో కప్పుకునే పలచటి దుప్పటి అనుకున్నదాన్ని. అక్కడొక గుడారంలో మడత కుర్చీ, ఒక పెట్టెడు సామాన్లతో నా ఆసుపత్రి. శిబిరంలో ఉన్న పటాలం దక్షిణాదిది కాబట్టి తెలుగు మాట చెవిన పడుతుండేది. అందులో ఒక కంపెనీ కొద్దిరోజుల్లో ఇంకా పైనున్న మంచు పోస్టుకు వెళ్లాలి. ఆ కంపెనీలో పెద్దాయన ఒక సుబేదార్. నిజామాబాద్ వైపు మనిషి. పింఛను తీసుకునే ముందు ఇదే ఆఖరిసారి పైకి వెళ్లడం. పోయినసారి పైనుంచి వచ్చాక ఒక లారీ బోల్తాపడి పై వరస పళ్లన్నీ పోగా, కట్టుడు పళ్ల సెట్టు పెట్టుకున్నాడు.

ఒకరోజు పొద్దున ఆయన, ఆయన కంపెనీని నడిపే కుర్ర కెప్టెన్ కలిసి నా గుడారానికి వచ్చారు. కెప్టెన్‌ది ఉత్తరాదిన కుమావూ కొండల వైపు, హిందీ మాట్లాడేవాడు. సుబేదార్ ముఖానికి కళ్ల కింది దాకా మఫ్లర్ చుట్టుకుని ఉన్నాడు. కెప్టెన్ ఒక ఇనప మగ్గు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపల చూస్తే సుబేదార్ గారి పళ్ల సెట్టు. అంగిలికి ఆనుకునే పలక నూనెలో పడ్డ అప్పడంలా మెలికలు తిరిగి ఉంది.

సంగతేమిటంటే, రాత్రి పళ్లు తీసి మగ్గు నీళ్లలో పెట్టారు. తెల్లారేసరికి మగ్గు నిండా మంచుగడ్డ, దాని నడుమ పళ్లు. కరగడానికని మగ్గును బుఖారీ మీద పెట్టారు. గుడారాన్ని వెచ్చబెట్టే కిరోసిన్ పొయ్యిని అక్కడ బుఖారీ అంటారు. మంచు కరిగింది, నీళ్లు ఇగిరిపోయాయి, పళ్లు మగ్గు అడుక్కి అంటుకున్నాయి.

పళ్లు రాత్రిపూట నీళ్లలో పెట్టమని చెప్పింది నేను కాదు. ఇది కూడా తేల్చుకోవాల్సిందే, ఎందుకంటే ఈ పాపం కూడా నా ఖాతాలోనే రాస్తున్నారు. కింద మైదానంలో, ఆసుపత్రిలో సెట్టు కట్టిన డాక్టరు చెప్పాడు. కింద అది సరైన సలహానే. పైన ఏం చేయాలో నన్ను అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

"పొయ్యి మీద పెట్టిందెవరు?" అన్నాను.

"నేనే మేడం" అన్నాడు కెప్టెన్.

"నేనే పెట్టిన" అంది మఫ్లర్.

నేను ఇద్దర్నీ చూశాను. గుడారాలు చాలక ఆ వారం ఇద్దరూ ఒకే గుడారంలో ఉంటున్నారు. "ఇద్దరూ చెరో పక్క పట్టుకుని పెట్టారా? పల్లకీనా అది?" అన్నాను. కెప్టెన్ నేల వైపు, సుబేదార్ గుడారం పైకప్పు వైపు చూస్తూ నిలబడ్డారు.

కెప్టెన్ వెళ్లిపోయాక సుబేదార్ మఫ్లర్ దించాడు. పళ్లు లేని నోటితో ఆయన చెప్పింది అర్థం చేసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. మీకు ఆ శ్రమ లేకుండా రాస్తాను.

"మేడం, కర్నల్ సాబ్ చెప్పేసిండు. సెట్ల మాట్లాడితే కింద సమజ్ కావాలె, లేకుంటే నువ్వు పోవద్దు, వేరే సుబేదార్‌ని పంపుతా అన్నడు. మీరేమన్న చెయ్యుండ్రి."

సెట్ అంటే వైర్‌లెస్. పటాలాన్ని నడిపే కర్నల్ అన్నదాంట్లో తప్పు లేదు. కెప్టెన్ గస్తీకి బయల్దేరితే పోస్టులో వైర్‌లెస్ దగ్గరుండేది సుబేదారే. మంచు జారిందనో, మనిషి పడిపోయాడనో చెప్పాల్సి వస్తే, కింద విన్నవాడు మళ్లీ చెప్పు, మళ్లీ చెప్పు అంటూ కూర్చోకూడదు.

"పోకపోతే ఏమైంది సాబ్? మీరు ఇప్పటికే రెండుసార్లు వెళ్లొచ్చారు. హాయిగా కిందే ఉండండి."

"రెండుమాట్ల పోయొచ్చిన గనుకనే చెప్తున్న. గీ పిల్లగాడు మొదటిసారి పోతున్నడు. గాలి ఎటుకెళ్లి కొడితే మంచు ఎటు జారుతదో ఆయనకేం ఎరుక? నాకు బదులు వచ్చేటాయనకు గాడి తొవ్వ తెల్వది. ఇద్దరూ కొత్తోళ్లే అయితే పోరగాళ్లను ఎవరు చూసుకోవాలె?"

"ఆయన కెప్టెన్ సాబ్. పిల్లగాడు కాదు."

"కెప్టెనే. కాదన్ననా? పిల్లగాడే."

నేను మగ్గులోంచి పళ్లు తీసి వెలుతురులో పెట్టి చూశాను. వాదన మధ్యలో వదిలేయడం నా జీవితంలో అరుదు.

కింద ఆసుపత్రికి పంపి కొత్త సెట్టు కట్టిద్దామంటే దారి మంచుతో మూసుకుపోయింది. పళ్లు కట్టే టెక్నీషియన్ సెలవు మీద వెళ్లి ఆ మంచుకు అవతలి వైపు ఉన్నాడు. నా దగ్గర ఉన్నవల్లా కొలత తీసే ముద్ద, అచ్చు పోసే పిండి, ఇత్తడి అచ్చుపెట్టె, గులాబిరంగు పొడి, దాన్ని కలిపే ద్రవం. పళ్లు బాగానే ఉన్నాయి, వాటిని పట్టుకునే పలకే పాడైంది. పళ్లను విడదీసి, ఆయన అంగిలికి కొత్తగా అచ్చు తీసి, పొడీ ద్రవం కలిపిన ముద్దను అందులో నింపి వేడినీళ్లలో ఉడికిస్తే గట్టిపడి కొత్త పలక తయారవుతుంది. కాలేజీలో అందరం చేసిన పనే.

చేశాను. మరిగే నీళ్లలో కావలసినంత సేపు ఉంచాను. అచ్చు విప్పితే లోపల మెత్తగా, పైన చిల్లులు చిల్లులుగా, పులిసిపోయిన పిండితో పోసిన ఇడ్లీలా ఉంది. వేలితో నొక్కితే దిగబడింది.

కెప్టెన్ నా గుడారం గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. కంపెనీ బయల్దేరబోతుంటే అతనికి ఊపిరి సలపనంత పని ఉండాలి. "అయిందా మేడం?" అన్నాడు. నేను చిల్లుల పలకను ఎత్తి చూపించాను. అతని ముఖం చూసి, "ఇంకోసారి చేయడానికి సరుకుంది" అన్నాను. ఇంకోసారికే ఉంది. మూడోసారికి లేదు. ఆ మాట చెప్పలేదు.

మధ్యాహ్నం కంచం పట్టుకుని వంటశాల ముందు నిలబడి ఉండగా కుక్కర్ కూత వేసింది. ఆ ఎత్తులో నీళ్లు సరిగా వేడెక్కకుండానే మరిగిపోతాయి. ఎంతసేపు ఉడికించినా పప్పు పప్పులాగే ఉంటుంది. అందుకే అక్కడి వంటశాలలో మనిషి మోకాలెత్తు ప్రెషర్ కుక్కర్లు ఉంటాయి. పప్పుకు చాలని నీళ్లు నా పలకకు మాత్రం ఎలా చాలుతాయి? మూడు పూటలా ఆ పప్పే తింటూ ఈ ముక్క తట్టనందుకు నన్ను నేను తిట్టుకుంటూ, కంచం పక్కన పడేసి లోపలికి వెళ్లాను. ఈ ఆలోచన తనదేనని వంటవాడు ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు. కాదు. నాది.

ఆ వంట హవల్దార్ గోదావరి జిల్లా మనిషి. సుబేదార్‌కూ అతనికీ పడదు. పడదంటే, పప్పులో ఉప్పు గురించి ఏడాదిగా రోజూ యుద్ధమే.

"కుక్కర్ ఒక పూట కావాలి" అన్నాను.

"ఎందుకండీ?"

"సుబేదార్ సాబ్ పళ్లు ఉడికించాలి."

అతను గరిటె కింద పెట్టాడు. "ఆయ్, ఏవన్నారండీ?"

మళ్లీ చెప్పాను.

"అదెలా కుదుర్తాదండీ? కుర్రోళ్లు తినే కుక్కరండీ ఇది. మీ గుడారం పక్కనుంచి పోతేనే ఆ మందు వాసనకి కళ్లమ్మట నీళ్లొస్తన్నాయి. రేపు నా పప్పు ఆ వాసనేస్తే నన్ను బతకనిస్తారేంటండీ?"

"రెండుసార్లు కడిగిస్తాను."

"కడిగితే మూత రబ్బరుకి పట్టిన వాసన పోద్దా?"

"మేజర్‌ని చెబుతున్నాను."

"మేజర్ గారే అనుకోండి. పప్పుకి నేనే జనరల్నండి."

ఇద్దరం గొంతు పెంచాం. చుట్టూ కంచాలు పట్టుకున్నవాళ్లు తినడం మానేసి చూస్తున్నారు. చివరికి అతను చేతులు కట్టుకుని, "ఓ పని చెయ్యండి. సాబ్‌నే వచ్చి అడగమనండి. ఆయన నోటితో అడగాలండి" అన్నాడు.

నా దగ్గర్నుంచి వెళ్లాక సుబేదార్ తన గుడారం దాటి బయటికి రాలేదు. పళ్లు లేని నోటితో జవాన్ల కళ్లబడడం కంటే కొండ మీంచి దూకడం మేలనుకునే మనిషి. కబురు పంపితే వస్తాడని నేననుకోలేదు. వచ్చాడు. నడుచుకుంటూ తిన్నగా వంటవాడి ముందుకు వచ్చి, అందరి ఎదుటా మఫ్లర్ దించి, అడిగాడు. ఏమడిగాడో ఒక్క అక్షరం కూడా ఎవరికీ అర్థం కాలేదు. అడిగాడని మాత్రం అర్థమైంది.

ఎవరూ నవ్వలేదు. వంటవాడు కట్టుకున్న చేతులు విప్పాడు.

"నా పప్పుని ఏడాదిగా తిట్టిన నోరు ఇదేనా సాబ్?" అన్నాడు.

సుబేదార్ తలూపాడు.

"బాగా తిట్టారండీ" అంటూ వంటవాడు లోపలికి వెళ్లి, కుక్కర్‌లో ఉన్న పప్పంతా వేరే గిన్నెలోకి ఒంపి, ఖాళీ కుక్కర్ తెచ్చి నా ముందు పెట్టాడు. గమనించారా? ఒంపేశాడు. ఖాళీ చేశాడు. కడిగాడు కూడా. అక్కడున్నవాళ్లందరూ చూశారు. వాళ్లే తర్వాత పప్పులో పళ్లు అంటూ ప్రచారం చేశారు.

ఆఖరి ముద్ద కలిపి అచ్చుపెట్టెలో బిగించి కుక్కర్‌లో పెట్టాను. మొదట సన్నటి మంట మీద మెల్లగా వేడెక్కాలి, ఆ తర్వాతే ఆవిరి పట్టాలి. తొందరపడితే మళ్లీ చిల్లులే. కుక్కర్ పక్కన నేను, నా పక్కన గొంతుక్కూర్చుని కెప్టెన్, ఎదురుగా చేతులు కట్టుకుని వంటవాడు. సుబేదార్ దూరంగా అటు తిరిగి నిలబడ్డాడు.

"నాలుగు కూతలొచ్చాక దించెయ్యాలండి" అన్నాడు వంటవాడు.

"ఇది పప్పు కాదు."

"కాదని నాకు తెలీదేంటండీ? వాసనే చెప్తంది."

"మంట పెంచకు!"

"పెంచలేదండీ, గాలికి ఊగింది."

కెప్టెన్‌కు తెలుగు రాదు. మేం ఏదో వైద్య విషయం చర్చిస్తున్నామనుకుని చాలా శ్రద్ధగా వింటున్నాడు.

దించాక కూడా వెంటనే తెరవకూడదు, తనంతట తాను చల్లారాలి. నాకు ఓపిక తక్కువని నా శత్రువులు చెబుతారు. ఆ రోజు వాళ్లు నన్ను చూసి ఉండాల్సింది. చివరికి అచ్చు విప్పాను. పలక గట్టిగా, నున్నగా, చిల్లు లేకుండా ఉంది. అంచులు అరగదీసి సుబేదార్ నోట్లో పెట్టాను. బొటనవేలితో పైకి నొక్కగానే అంగిలికి అతుక్కుంది. ఆయన రెండుసార్లు నోరు మూసి తెరిచాడు, ఏమీ మాట్లాడకుండా సెల్యూట్ చేసి వెళ్లిపోయాడు. నాకు అనుమానం వచ్చింది. సరిపోయిందా, లేక మర్యాదకు సరిపోయినట్టు నటిస్తున్నాడా?

కంపెనీ బయల్దేరే రోజు పొద్దున్న అది తేలింది. కర్నల్ గారు వైర్‌లెస్ గుడారంలో కూర్చున్నారు. నన్నూ రమ్మన్నారు. ముద్దాయి దగ్గరుండాలి కదా. సుబేదార్ ఒక వైర్‌లెస్ సెట్టు తీసుకుని శిబిరం అవతల మిట్ట ఎక్కాడు. గాలి ఈడ్చి కొడుతోంది. సెట్టులో గరగర. గరగర. కర్నల్ గారు నా వైపు చూశారు. ఇంకా గరగర. అప్పుడు ఆయన గొంతు వచ్చింది. హిందీలో, ఒక్కొక్క మాట విడివిడిగా, మిట్ట మీద గాలి ఎటు ఉంది, మంచు ఎలా ఉంది, పైదారి ఎంతవరకు కనిపిస్తోంది, అన్నీ చెప్పాడు. వైర్‌లెస్ జవాను ఒక్కసారి కూడా మళ్లీ చెప్పమని అడగకుండా రాసుకున్నాడు.

కర్నల్ గారు తలూపారు. "వెళ్లమనండి."

సెట్టు ఇంకా ఆపలేదు. అందులోంచి తెలుగు వచ్చింది.

"వంటాయనకు చెప్పుండ్రి. నిన్న పప్పుల ఉప్పు తక్కువైంది."

కర్నల్ గారు పంజాబీ. "ఏమన్నాడు?" అని నన్ను అడిగారు.

"వాతావరణం గురించే సార్" అన్నాను.

ఆ మధ్యాహ్నం కంపెనీ పైకి వెళ్లింది. కెప్టెన్ ముందు, సుబేదార్ వెనక. చలికాలం గడిచి అందరూ కిందికి వచ్చారు. అందరూ అని మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే ఆ పోస్టు నుంచి ఏటా అందరూ రారు. ఒకసారి సుబేదార్ సెట్టులో అరిచి గస్తీ మనుషుల్ని వెనక్కి పిలిచాడనీ, వాళ్లు దాటాల్సిన చోట కాసేపటికే మంచు జారిందనీ కెప్టెన్ చెప్పాడు. సుబేదార్‌ని అడిగితే, "ఒర్లుడు నాకు కొత్తనా మేడం?" అన్నాడు.

నేను పళ్ల సెట్టు చూస్తానన్నాను. ఆయన నోరు తెరవలేదు. కోటు విప్పి, స్వెట్టరు ఎత్తి, లోపలి జేబులోంచి ఒక గుడ్డ మూట తీశాడు. అందులో వైర్‌లెస్ బ్యాటరీ, దాని పక్కన పళ్లు. చలికి చచ్చిపోకుండా బ్యాటరీని ఒంటికి ఆనించి దాచుకుంటారు కదా, దానితోపాటే ఇదీ.

"తినేటప్పుడు పెట్టుకోలేదా?"

"చల్లగయితయి మేడం, చిగుర్లు జివ్వుమంటయి. సెట్ల మాట్లాడేటప్పుడు పెట్టుకున్న. అయిపోంగనే తీసి లోపట పెట్టిన."

"మరి అన్నాళ్లూ ఏం తిన్నారు?"

"పప్పే."

నేను నా మత్తు మందు గొట్టాలు దాచుకున్నట్టే ఆయన పళ్లు దాచుకున్నాడు. నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు.

ఇప్పుడు నేను యూనిఫాం విప్పేసి హీరోల పళ్లు తెల్లబరిచి బతుకుతున్నాను. సుబేదార్ ఈ ఫిల్మ్‌నగర్‌లోనే ఒక షూటింగ్ ఫ్లోరు గేటు దగ్గర సెక్యూరిటీ సూపర్‌వైజరు. అదే సెట్టు పెట్టుకుంటాడు. కొత్తది కట్టిస్తానంటే, "గీ సెట్టుకేమైంది?" అంటాడు. అరిగిపోయింది, అదీ దానికైంది. వంటవాడు యూసుఫ్‌గూడలో కర్రీ పాయింట్ పెట్టాడు. పప్పు బాగుంటుంది, ఉప్పు తక్కువ. ఆ కౌంటరు దగ్గరే కథ పెరిగి పెద్దదై, పళ్లు పప్పులో పడి, పటాలమంతా తిని, నా క్లినిక్ దాకా నడిచొచ్చింది. పప్పు రెండు రోజులు మందు వాసన వేసిందని కూడా చెబుతాడు. నేనూ ఆ పప్పు తిన్నాను. అది ఇంగువ వాసన.

కెప్టెన్ ఇప్పుడు కర్నల్ అయ్యాడు. పోయిన ఏడాది హైదరాబాద్ వచ్చినప్పుడు క్లినిక్‌కు వచ్చాడు. మొదట నేనడిగింది ఒకటే, మగ్గు బుఖారీ మీద పెట్టిందెవరని. "నేనే మేడం. సాబ్ నన్ను కాపాడాలని తన మీద వేసుకున్నాడు" అన్నాడు. గేటు దగ్గరికి వెళ్లి సుబేదార్‌ని అడిగాను. "నేనే పెట్టిన. ఎన్నిసార్లడుగుతరు మేడం? ఆయన మంచోడు, ఉత్తగనే మీదేసుకుంటడు" అన్నాడు. సరే, ఇద్దరిలో ఒకరు అనుకుని ఊరుకున్నాను. పోయిన నెల వంటవాడు కూర డబ్బా పట్టుకుని వచ్చి కుర్చీలో కూర్చుని, నేను అద్దం పెట్టేలోగా, "అసలు సంగతి చెప్పేస్తానండీ. ఆ మగ్గు పెట్టింది నేనండి. పొద్దున్నే టీ పట్టుకెళ్లానా, ఇద్దరూ బయటికెళ్లారు. పాపం సాబ్ పళ్లు గడ్డకట్టినియ్యి కదా అని..." అన్నాడు. కుక్కర్ ఆలోచన తనదని ఏళ్లుగా అబద్ధం చెబుతున్న మనిషి. ఇదైనా నమ్మాలా?

ఇక్కడ ఒక సినిమా ఆడకపోతే దర్శకుడు రచయితను చూపిస్తాడు, రచయిత హీరోను చూపిస్తాడు, హీరో విడుదల తేదీని చూపిస్తాడు. రోజూ నా కుర్చీలో కూర్చుని చూపిస్తూనే ఉంటారు, నోట్లో నా వేళ్లున్నా సరే. పాడైన ఒక పళ్ల సెట్టు కోసం ముగ్గురు మగవాళ్లు ఇన్నేళ్ల తర్వాత కూడా తప్పు నాదంటే నాదని కొట్టుకోవడం నేను ఇంకెక్కడా చూడలేదు. బీడీఎస్ పిల్లలూ, సైన్యంలో ఏముంటుందని అడిగారు కదా. ఇదుంటుంది.

జ్ఞానదంతం రచయిత కుట్లు విప్పించుకోవడానికి మళ్లీ వస్తాడు. కథలో పప్పు తీసేయమని చెప్పాను. తీసేస్తానన్నాడు, కానీ మగ్గు సంగతి తేలకపోతే సీను నిలబడదన్నాడు. జీవితంలో మొదటిసారి ఒక సినిమా రచయితతో ఏకీభవిస్తున్నాను. ఒక్క మగ్గును ఒక్క పొయ్యి మీద ముగ్గురు విడివిడిగా పెట్టలేరు. ఇద్దరు అబద్ధం చెబుతున్నారు, ముగ్గురూ నా ముఖంలోకి చూసే చెబుతున్నారు. నిజం బయటికి రావాలంటే ఇద్దరు తప్పు తమది కాదని చెప్పాలి, అది చెప్పడానికి ఒక్కడూ సిద్ధంగా లేడు.

ఇంతకీ ఆ మగ్గు పెట్టింది ఎవరు?